మిర్చి ధరలు పంపడానికి వాట్సాపా, టెలిగ్రామా: ఏది మేలు?

పొరుగు జిల్లాల రైతులు కూడా లారీ మాట్లాడుకుని గుంటూరు మిర్చి యార్డుకే ఎందుకొస్తారు? కొనేవాళ్లు ఇక్కడున్నారు గనక. కొనేవాళ్లెందుకొస్తారు? సరుకు ఇక్కడికొస్తుంది గనక. యాప్‌ల పోటీలో నెట్‌వర్క్ ఎఫెక్ట్ అంటున్నది అచ్చం ఈ లెక్కే.

ఫీచర్లు చూస్తే టెలిగ్రామ్‌దే పైచేయి. గ్రూపులో 2 లక్షల మంది పడతారు, ఛానెల్‌కైతే (ఒకరు పంపితే మిగతావాళ్లు చదివేది) పరిమితే లేదు, కొత్తగా చేరినవాళ్లకూ పాత ధరలన్నీ కనిపిస్తాయి. వాట్సాప్ గ్రూపు 1,024 మందితో నిండిపోతుంది. ఒకే మెసేజ్‌ను విడివిడిగా అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే. పైగా మీ నంబరు సేవ్ చేసుకోని రైతుకు ఆ మెసేజ్ చేరదు. "నాకు ధర పంపలేదేం?" అనే తగాదా ఇక్కడే మొదలవుతుంది.

అయినా ధరల వరకు వాట్సాప్ ఛానెలే మేలు. 2023లో వచ్చింది. ఎంతమందైనా చేరొచ్చు, ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు. పాత పోస్టులు 30 రోజులే ఉంటాయి, కాబట్టి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టినవాళ్లు ధరలు విడిగా రాసుకోవాలి. ఫీచర్లను ఎవరైనా కాపీ కొడతారు. రైతు వాట్సాప్‌లో ఇప్పటికే ఉన్న బావమరిదినీ పురుగుమందుల కొట్టునీ ఎలా కాపీ కొడతారు?

బేరం దగ్గర ఈ నెట్‌వర్క్ పట్టు ఇంకా గట్టిది, రెండు వైపులా మాట్లాడుకోవాలి గనక. 30 మంది ఉన్న గ్రూపులో ఇద్దరిద్దరు మాట్లాడుకునే జతలు 435 కుదురుతాయి. పదిమంది వెళ్లిపోతే మిగిలేవి 190. పోయింది మూడో వంతు మనుషులే, తెగింది సగానికి పైగా సంబంధాలు. అందుకే యాప్ మారాలంటే ఒక ఊరి రైతులందరినీ ఒకే రోజు మార్చాలి. ఒక్కొక్కరినీ లాగితే వారంలో వెనక్కి వెళ్లిపోతారు. మచ్చు ఫొటో మాత్రం ఏ యాప్‌లోనైనా ఫైల్‌గానే పంపమనండి. మామూలుగా పంపితే యాప్ దాన్ని కుదించేస్తుంది, తాలు (రంగు తప్పిన నాసికాయ) ఎంతుందో తేలదు.

డబ్బు దగ్గర ఈ బెంగ లేదు. ఫోన్‌పే క్యూఆర్‌కు గూగుల్ పే నుంచి చెల్లించొచ్చు. 2016లో మొదలైన యూపీఐ అన్నిటికీ ఉమ్మడి దారి. కాబట్టి డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్‌బాక్స్ అద్దె ఎవరిది తక్కువైతే వాళ్లది పెట్టుకోండి. వచ్చే నెల మార్చేసినా ఒక్క ఖాతాదారు కూడా పోడు.