పాత ఆటోమేటిక్ ఫ్లై రీళ్లు: ఏళ్ల తరబడి వాడాక

ఈకలు, దారంతో చేసిన ఉత్తుత్తి పురుగును (ఫ్లై) ఎరగా విసిరి చేపలు పట్టేవాళ్లు గాలపుకర్రకు (రాడ్) తగిలించుకునే, లైన్ అనే గాలపుతాడును చుట్టే చక్రమే ఫ్లై రీల్. కాళ్ల దగ్గర పోగుపడిన లైన్‌ను క్షణంలో చుట్టేయడం, అంతవరకే అందులో ఆటోమేటిక్ రకం పని. పెద్ద చేపతో పెనుగులాట దాని వల్ల కాదు. ఈ సంగతి తెలియక కొన్నవాళ్లే నాలుగు రోజులకు దాన్ని అటక ఎక్కిస్తారు. తెలిసి వాడితే పొదలు కమ్ముకున్న చిన్న వాగుల్లో, చిన్న పడవల్లో దీనికి సాటి వచ్చే రీల్ నాకు కనబడలేదు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని మోహాక్ పట్టణం నుంచి వచ్చిన మార్టిన్ రీళ్లు, ఫ్లూగర్ సూపరెక్స్, షేక్‌స్పియర్ ట్రూఆర్ట్, సౌత్ బెండ్ ఓరెనోమాటిక్, ఫ్రాన్స్‌లో తయారైన మిచెల్ 710... పేర్లు ఎన్నున్నా లోపలి కథ ఒకటే. గోడగడియారంలో ఉండేలాంటి చుట్టల స్ప్రింగ్ ఒక డబ్బాలో ఉంటుంది. లైన్ బయటికి లాగినకొద్దీ దానికి కీ ఎక్కుతుంది. చిటికెన వేలితో మీట నొక్కగానే బ్రేకు వదులై, గేర్ల ద్వారా స్పూల్ (లైన్ చుట్టుకునే కండె) గిర్రున తిరిగి లైన్‌ను లోపలికి లాక్కుంటుంది. బరువు మాత్రం ఎక్కువే. చాలావాటికి 225 నుంచి 300 గ్రాముల దాకా ఉంటుంది. తేలికపాటి కొత్త రాడ్లకు తగిలిస్తే చేతికింద బరువు వేలాడుతున్నట్టే ఉంటుంది.

అసలు చిక్కంతా స్ప్రింగ్ బిగువులో ఉంది. మామూలు రీల్‌లో డ్రాగ్, అంటే చేప లైన్ లాగేటప్పుడు రీల్ ఆపిపట్టే బిగువు, మనం పెట్టినచోటే ఉంటుంది. ఇక్కడ చేప దూరం పోయేకొద్దీ స్ప్రింగ్ మరింత బిగుస్తుంది, పైగా స్పూల్ మీద చుట్ట సన్నబడి పట్టు ఇంకా పెరుగుతుంది. అంటే చేపకు కాస్త వదులు ఇవ్వాల్సిన వేళకే రీల్ బిగపట్టి కూర్చుంటుంది. స్ప్రింగ్ పూర్తిగా బిగుసుకుంటే ఇక ఒక్క అంగుళం కూడా రాదు, ఫ్లైకి కట్టిన సన్నటి కొసదారం (టిప్పెట్) తెగుతుంది. ఫ్రీ స్ట్రిప్పింగ్ మీట ఉన్న మోడళ్లలో స్ప్రింగ్‌కు కీ ఎక్కకుండా లైన్ లాగొచ్చు కాబట్టి ఈ బాధ తక్కువ. ఏ మోడలైనా, కాస్త పెద్ద చేప పడితే రీల్‌ను మరిచిపోయి లైన్‌ను వేళ్ల మధ్య పట్టి ఆడించడమే మేలు.

బిగువు సరిచూసుకునే పని నీటి దగ్గర కాకుండా ముందే ఆరుబయట చేసుకోవాలి. లైనంతా స్పూల్ మీద ఉండగా, స్ప్రింగ్ వదులుగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, కీ ఇచ్చే బిళ్లను ఆరేడు చుట్లు తిప్పండి. మీరు విసిరే అతి పొడవైన విసురు ఎంతో అంత లైన్, 12 మీటర్లనుకుందాం, బయటికి లాగి మీట నొక్కండి. చివరి మీటరు కూడా ఈడుస్తున్నట్టుగా కాక సాఫీగా లోపలికి రావాలి. రాకపోతే ఇంకో రెండు చుట్లు. తర్వాత మళ్లీ 12 మీటర్లు లాగి, ఆపైన మరో 3 మీటర్లు లాగి చూడండి. మధ్యలో గట్టిగా ఆగిపోతే బిగువు ఎక్కువైనట్టే, రెండు చుట్లు తగ్గించండి. ఎక్కువ బిగిస్తే ఎక్కువ వేగం అన్న ఆశే వీటిని పాడుచేస్తుంది.

వేగం ఎక్కువైతే ఇంకో ప్రమాదం ఉంది. మీట నొక్కిపట్టి అలాగే ఉంచితే లైన్‌కు లీడర్‌ను (లైన్‌కూ ఫ్లైకీ మధ్య ఉండే సన్నటి దారం) కలిపే ముడి రాడ్ పొడవునా ఉండే వలయాల్లోంచి (గైడ్లు) దూసుకొచ్చి, ఫ్లై వెళ్లి రాడ్ కొస వలయంలో ఇరుక్కుంటుంది. కొస విరగడానికి అర సెకను చాలు. అందుకే మీటను ముక్కలు ముక్కలుగా నొక్కాలి. ఖాళీగా ఉన్న చేతివేళ్ల మధ్య నుంచి లైన్ జారేలా పట్టుకుంటే వేగమూ అదుపులో ఉంటుంది, చుట్ట కూడా వదులుగా పడదు. చుట్ట వదులైతే లైన్ స్పూల్ అంచు దాటి ఫ్రేమ్ వెనక్కి దూరుతుంది. దాన్ని తీయాలంటే సగం రీల్ విప్పాలి.

లైన్ విషయంలో పాత కరపత్రాలను నమ్మి కొత్త లైన్ కొనకండి. 1961కి ముందు లైన్లకు మందాన్ని బట్టి అక్షరాలుండేవి: డి అంటే 0.045 అంగుళం, హెచ్ అంటే 0.025. కరపత్రాల్లోని ఆ లెక్కలు సన్నటి పట్టుదారపు లైన్ల కాలంవి. పైపూత ఉన్న ఈనాటి తేలే లైన్ అంత చోటులో పట్టదు. 27 మీటర్ల డబుల్ టేపర్ (రెండు కొసలూ సన్నబడే) లైన్‌ను సరిగ్గా మధ్యకు కోసి, ఒక సగం వేసుకోవడం మంచి ఉపాయం, రెండో సగం తర్వాతికి పనికొస్తుంది. చోటు మిగిలితేనే లైన్ కింద అడుగుదారంగా కాస్త డేక్రాన్ బ్యాకింగ్. అంచుకు 3 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి.

ఇక మరమ్మతు. లైన్ నీరసంగా వస్తోందంటే అందరూ స్ప్రింగ్ పోయిందంటారు. చాలాసార్లు స్ప్రింగ్ నిక్షేపంగా ఉంటుంది, పాత గ్రీజే తేనెరంగు లక్కలా గట్టిపడి గేర్ల పళ్లను పట్టేస్తుంది. విప్పే ముందు స్ప్రింగ్‌లో బిగువు సున్నా చేయాలి. బిగువు వదిలే బటన్ ఉంటే సరే. లేకపోతే లైన్ కొసను స్పూల్‌కు టేపుతో అంటించి, స్పూల్‌ను బొటనవేలితో అదిమిపట్టి, మీట కొద్దికొద్దిగా నొక్కుతూ నెమ్మదిగా తిరగనివ్వండి. స్క్రూ గాడికి సరిపోయే వెడల్పున్న స్క్రూడ్రైవరే వాడాలి. మొండికేస్తే పట్టు వదిలించే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. గేర్లను కిరసనాయిలులో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. గేర్లకు పల్చగా గ్రీజు, ఇరుసు తిరిగే బుష్‌లకు, మీట కీలుకు ఒక్కో చుక్క మిషన్ ఆయిల్. బ్రేకు తగిలే చోట మాత్రం ఏ జిడ్డూ అంటకూడదు, అంటితే మీట వదిలినా స్పూల్ జారుతుంది. డబ్బాల్లో దొరికే, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పని అయిందనుకోవద్దు, అది పాత గ్రీజుతో కలిసి కొన్నాళ్లకు మళ్లీ బంక కడుతుంది.

స్ప్రింగ్ డబ్బాను అవసరం లేనిదే తెరవకండి. తెరవక తప్పకపోతే మందపాటి చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. విప్పే ముందే ఫొటో తీసి, గుడ్డసంచిలో పెట్టి మధ్య నుంచి ఒక్కో చుట్టే బయటికి రానివ్వాలి. విరిగేది ఎక్కువగా లోపలి కొస దగ్గరే. ఆ చివరి సెంటీమీటరును మాత్రం ఎర్రగా కాల్చి, దానంతటది చల్లారాక కొత్త కొక్కెం వంచొచ్చు. మిగతా స్ప్రింగ్‌కు వేడి తగలకుండా తడిగుడ్డ చుట్టాలి. ఒక చుట్టు పొడవు తగ్గుతుంది, వాడకంలో తేడా తెలియదు.

రీల్‌ను దాచేటప్పుడు బిగువు వదిలేసి దాచాలి, బిగించి ఉంచితే స్ప్రింగ్ సత్తువ తగ్గుతుంది.

పాతది కొనేవాళ్లు మూడు చోట్ల చూడండి. లైన్ వచ్చే వలయంలో గోరు తగిలేంత గాడి పడి ఉంటే ఆ అంచు లైన్ పూతను చెక్కేస్తుంది. రీల్ పాదం మందం మీ రాడ్ సీటులో పడుతుందో లేదో కొలవండి, దాన్ని ఆకురాయితో అరగదీస్తే రీల్ విలువ పోతుంది. చివరగా లైన్ మెల్లగా ఒక మీటరు లాగి వదలండి. రాట్చెట్ (ఒకవైపే తిరగనిచ్చే పళ్లచక్రం) పట్టు తప్పి టకటకమని వెనక్కి జారితే పంటిలోనో, దాన్ని పట్టే నాలుకలోనో అరుగుదల ఉన్నట్టు. ఆ ముక్కలు విడిగా దొరకడం కష్టం, విడిభాగాల కోసం అదే మోడల్ ఇంకోటి కొనే ఉద్దేశం ఉంటే తప్ప ఆ రీల్‌ను అక్కడే వదిలేయండి.