విచారణ గదికి కెమెరా, అధికారికి శిక్షణ: రెండూ కలిపి అందించే ఒక సేవపై సమీక్ష

సాక్షులను, అనుమానితులను ప్రశ్నించే పద్ధతిని పోలీసు అధికారులకు నేర్పడంతో పాటు, ఆ విచారణను ఆడియో, వీడియోలుగా భద్రపరిచే పరికరాలను కూడా తామే అమర్చిపెట్టే ఒక సంస్థ సేవను పరిశీలకుడి హోదాలో మొదటి నుంచి చివరి వరకు చూశాను. ఇలాంటి సేవలు ఇప్పుడు అనేకం అందుబాటులోకి వచ్చాయి కనుక, ఏ సంస్థ అన్నదాని కంటే కొనదలచిన శాఖలు వేటిని పరీక్షించి చూసుకోవాలన్నదే ముఖ్యం. నా అభిప్రాయం ముందే చెబుతాను: శిక్షణ చాలా బాగుంది, రికార్డింగ్ వ్యవస్థ కొన్ని మార్పులతో పనికొస్తుంది, వాటికి జోడించి అంటగట్టే ‘భావోద్వేగ విశ్లేషణ’ సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఎవరూ కొనకూడదు.

శిక్షణకు ఆధారం 1990ల ఆరంభంలో ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసు విచారణల కోసం రూపొందిన ‘పీస్’ నమూనా. బాంబు పేలుళ్ల కేసుల్లో గిల్డ్‌ఫర్డ్ ఫోర్‌గా పేరుపడిన నలుగురికి 1975లో పడిన శిక్షలు 1989లోనూ, బర్మింగ్‌హామ్ సిక్స్‌గా పేరుపడిన ఆరుగురి శిక్షలు 1991లోనూ రద్దయిన తరువాత, పోలీసులు రాబట్టిన ఒప్పుకోళ్లపై అక్కడి ప్రజలకు నమ్మకం సడలింది. అంతకు ముందే, 1984 నాటి చట్టం తెచ్చిన నిబంధనల వల్ల, అనుమానితుల విచారణలు క్రమంగా టేపులకెక్కసాగాయి. అలా రికార్డయిన వందలాది విచారణలను పరిశీలించిన పరిశోధకుడు జాన్ బాల్డ్విన్ 1992లో వెలువరించిన నివేదికలో ప్రధానంగా కనిపించేది దౌర్జన్యం కాదు, చేతకానితనం: కేసు వివరాలు చదవకుండా వచ్చే అధికారులు, అడిగిందే అడగడం, నేరం ఇతనే చేశాడని ముందే తేల్చుకుని కూర్చోవడం. అంటే రికార్డింగ్ ముందు వచ్చింది, శిక్షణ ఎంత అవసరమో దాని వల్లే బయటపడింది. ఈ రెండింటినీ కలిపి అందించాలన్న సంస్థ ఆలోచనలో అందువల్ల అర్థముంది.

పాఠ్యక్రమంలో ఎక్కువ సమయం ప్రణాళికకే కేటాయించారు. ఇప్పటికి తెలిసినదేమిటి, తెలియవలసినదేమిటి, నేరం రుజువు కావాలంటే ఏయే అంశాలు తేలాలి అన్నవి కాగితం మీద పెట్టకుండా గదిలోకి అడుగుపెట్టనివ్వరు. ఆ తరువాత, ఎదుటి వ్యక్తికి విచారణ ఉద్దేశాన్నీ అతని హక్కులనూ వివరించడం, అతను చెప్పేదంతా అడ్డు తగలకుండా వినడం, చెప్పినదానిలో ఖాళీలను పూరించుకోవడం, ఆధారాలతో పొసగని చోట ప్రశ్నించడం, మర్యాదగా ముగించడం, చివరికి తన పనిని తానే బేరీజు వేసుకోవడం వరుసగా వస్తాయి. ‘అతని చేతిలో కత్తి ఉంది కదా?’ అని అడిగితే సాక్షి జ్ఞాపకంలో లేని కత్తి కూడా వాంగ్మూలంలోకి వస్తుందనీ, ‘అప్పుడు మీరు చూసినదంతా మొదటి నుంచి చెప్పండి’ అంటే అతనికి నిజంగా గుర్తున్నదే బయటికి వస్తుందనీ శిక్షకులు అభ్యాసాల ద్వారా బాగా పట్టించారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రొనాల్డ్ ఫిషర్, ఎడ్వర్డ్ గీసెల్‌మన్ 1980లలో రూపొందించిన కాగ్నిటివ్ ఇంటర్వ్యూ, అంటే సంఘటన జరిగిన చోటును, పరిసరాలను మనసులో తిరిగి నిలుపుకోమని, చిన్న విషయమనిపించినా వదలకుండా చెప్పమని సాక్షిని కోరే పద్ధతిని, ఇంత ఓపికగా నేర్పడం అరుదు.

అయితే అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది ఉపన్యాసాలు కాదు. నటులను అనుమానితులుగా కూర్చోబెట్టి చేయించిన అభ్యాసాలను రికార్డు చేసి, ఆ అధికారులకే తిరిగి చూపించారు. తాను ఎక్కువగా వింటానని నమ్మిన సీనియర్ అధికారి ఒకరు, మాటల్లో పెద్ద వాటా తనదేననీ, ఎదుటివాడు ఊపిరి తీసుకునేలోపే తదుపరి ప్రశ్న వేస్తున్నాననీ తెర మీద చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ భాగాన్ని రెట్టింపు చేసినా ఎవరూ అభ్యంతరపెట్టరు.

ఆధారాలను ఎప్పుడు, ఏ క్రమంలో బయటపెట్టాలన్న అంశాన్ని మాత్రం హడావిడిగా ముగించారు. సీసీటీవీ దృశ్యాన్ని ముందే చూపితే అనుమానితుడు దానికి సరిపోయే కథ అల్లగలడు. ముందు అతని వివరణ పూర్తిగా తీసుకుని, ఇతర వివరణలకు తావు లేదని తేల్చుకున్నాక చూపితే ఆ దృశ్యానికి బలం వస్తుంది. ఇంత కీలకమైన నైపుణ్యానికి ఒక్క అభ్యాసం చాలదు. దుబాసీ ద్వారా జరిగే విచారణల ప్రస్తావనే లేకపోవడం అంతకంటే పెద్ద లోపం. అనువాదంలో జారిపోయిన మాటను తరువాత పట్టుకోగలిగేది మూల భాషలోని రికార్డింగ్ వల్లే కదా.

పరికరాల విషయానికొస్తే, సంస్థ అమర్చిన కెమెరా అనుమానితుడి ముఖాన్ని మాత్రమే చూపుతుంది. అమ్మకందారులు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు గానీ ఇది దోషం. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ లాసిటర్ 1986 నుంచి చేసిన పరిశోధనలు తేల్చింది ఏమిటంటే, అనుమానితుడొక్కడే కనిపించే వీడియో చూసినవారు అతని ఒప్పుకోలు స్వచ్ఛందమేనని ఎక్కువగా అనుకుంటారు. అతనితో పాటు అధికారి కూడా సమానంగా కనిపిస్తే ఆ మొగ్గు తగ్గుతుంది. న్యూజిలాండ్ పోలీసులు ఇద్దరూ కనిపించే కోణాన్నే ఎంచుకున్నారు. అడిగితే సంస్థ కూడా అలా మార్చి ఇచ్చింది, కానీ అడగాలని తెలియని శాఖల మాటేమిటి?

రికార్డింగ్ ఎప్పుడు మొదలవుతుందన్నది ఇంకా ముఖ్యం. ఒక మహిళపై జరిగిన అత్యాచారానికి కొందరు కుర్రాళ్లకు శిక్ష పడిన, 1989 నాటి న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కేసులో జ్యూరీ చూసింది కుర్రాళ్ల ఒప్పుకోలు వీడియోలను. వాటికి ముందు గంటల తరబడి సాగిన ప్రశ్నల పరంపర రికార్డు కాలేదు. ఆ శిక్షలు 2002లో రద్దయ్యాయి. ఈ వ్యవస్థలో గది తలుపు తెరుచుకోగానే రికార్డింగ్ దానంతటదే మొదలవుతుంది, నిలిపిన ప్రతిసారీ సమయం, కారణం నమోదవుతాయి, ముగియగానే ఫైలుకు హాష్ విలువ (ఫైలులో ఏ కాస్త మారినా తానూ మారిపోయే గుర్తు సంఖ్య) లెక్కకట్టి భద్రపరుస్తారు కనుక తరువాత ఒక్క క్షణం కత్తిరించినా తెలిసిపోతుంది. ఇది మెచ్చుకోదగ్గ ఏర్పాటు. మైకుల నాణ్యత మాత్రం అంతంత మాత్రమే. తల వంచుకుని గొణిగే మనిషి మాట ఏసీ చప్పుడులో కలిసిపోతోంది. యంత్రం తయారుచేసే లిఖిత ప్రతిలో ‘చేశాను’, ‘చేయలేదు’ తారుమారైన సందర్భం నా కంటబడింది కాబట్టి, మనిషి విని సరిచూడని ప్రతిని కేసు ఫైలులో పెట్టడం ప్రమాదకరం.

ముఖ కవళికలను బట్టి అబద్ధాన్ని శాతాల్లో చూపుతామనే సాఫ్ట్‌వేర్‌పై ఎక్కువ చెప్పను. అబద్ధాన్ని గుర్తించడంలో మనుషుల సగటు కచ్చితత్వం 54 శాతమేనని, అంటే నాణెం ఎగరేయడం కంటే కాస్త మెరుగని, 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు బాండ్, డిపాలోల సమీక్ష తేల్చింది. భయపడినవాడూ బొంకినవాడూ ఒకేలా తడబడవచ్చు. ముఖం చూసి అబద్ధాన్ని పట్టేయవచ్చన్న, శిక్షణలో అధికారుల మనసుల్లోంచి తుడిచేయాలని చూసిన పాత నమ్మకాన్నే, అదే సంస్థ తెర మీద ఎర్ర గీతగా మళ్లీ అమ్మజూపడం విడ్డూరంగా ఉంది.

ఒప్పందంలో మరో కొరత ఉంది. పీస్ శిక్షణ ఫలితాలపై 2001లో పరిశోధకులు కాలిన్ క్లార్క్, రెబెకా మిల్న్ చేసిన మూల్యాంకనంలో, శిక్షణ పొందినవారికీ పొందనివారికీ మధ్య ఆశించినంత తేడా కనబడలేదు. పైఅధికారుల పర్యవేక్షణ కొరవడటాన్ని వారు ముఖ్య లోపంగా ఎత్తిచూపారు. ఈ సంస్థ సేవ శిక్షణ ముగింపుతోనే ఆగిపోతుంది. సంతకం చేసే ముందు, నిజమైన విచారణల రికార్డింగులను నిర్ణీత వ్యవధుల్లో శిక్షకులు చూసి అధికారులకు అభిప్రాయం చెప్పేలా, పర్యవేక్షించే అధికారులకు విడిగా శిక్షణ ఇచ్చేలా నిబంధనలు చేర్పించుకోవాలి. భావోద్వేగ సాఫ్ట్‌వేర్‌కు అడిగే సొమ్మును ఈ పనులకు మళ్లించమంటే సంస్థ ఒప్పుకునే అవకాశం ఉంది.