ఆకు గుర్తు చూసి తిన్నాం: ఎప్‌కాట్ ఫుడ్ ఫెస్టివల్‌లో శాకాహారం

ఎప్‌కాట్‌లో ఏటా జరిగే ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్‌కి శాకాహారులు వెళ్లొచ్చా అని మా టాంపా తెలుగువాళ్లు ఎవరు అడిగినా వెళ్లమనే చెబుతాను. కాకపోతే ఒక మాట. మాంసంలా ఉండేలా కష్టపడి తయారుచేసిన వంటకాల జోలికి పోకుండా, పప్పులూ కూరగాయలూ పప్పుల్లా కూరగాయల్లానే కనిపించే వాటి మీద డబ్బు పెట్టండి. ఈ జ్ఞానం మా అత్తయ్య పుణ్యం.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లో ఉన్న నాలుగు థీమ్ పార్కుల్లో ఎప్‌కాట్ ఒకటి. 1982లో తెరిచారు. వెనక సగంలో పెద్ద చెరువు, దాని చుట్టూ 11 దేశాల పేర్లతో కట్టిన పెవిలియన్లు ఉంటాయి. చుట్టూ నడిస్తే రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అక్కడి ఎండాకాలం చివర్లో మొదలై నవంబరు దాకా సాగే ఈ ఫెస్టివల్‌కి ఆ దారి పొడవునా తిండి స్టాళ్లు పెడతారు. పార్కు టికెట్ ఉంటే లోపలికి వెళ్లడానికి వేరే టికెట్ అక్కర్లేదు గానీ, తినే ప్రతిదానికీ డబ్బు కట్టాలి. అన్నీ చిన్న ప్లేట్లే. మేం వెళ్లినప్పుడు ఒక్కోటి 5, 6 డాలర్ల నుంచి 9 దాకా ఉంది. మెనూ ఏటా కొంత మారుతుంది కాబట్టి మేం తిన్నవన్నీ మీకు యథాతథంగా దొరక్కపోవచ్చు.

మా ఇంట్లో నలుగురం నాలుగు రకాలు. మావారు ఏదైనా తింటారు కాబట్టి ఆయన సంగతి వదిలేద్దాం. మా అమ్మాయి ఇంటర్ వయసులో ఉంది, వీగన్. పాలు, నెయ్యి, చివరికి తేనె కూడా ముట్టదు. నాకు పాలు పడవు. అత్తయ్య నరసరావుపేట నుంచి వచ్చారు. పాలూ పెరుగూ లేనిదే ఆవిడకు పూట గడవదు, గుడ్డు పేరెత్తితే మాత్రం ప్లేటు పక్కన పెట్టేస్తారు. ఈ ముగ్గురికీ కలిపి ఒక్క ప్లేటు కొనడమంటే మామూలు టెన్షన్ కాదు.

ఆ టెన్షన్ తీర్చింది ఆకు గుర్తు. డిస్నీ పార్కుల మెనూల్లో కొన్ని వంటకాల పక్కన చిన్న ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటుంది. ఫ్లోరిడా పార్కుల్లో 2019లో మొదలుపెట్టారు. ఆ ఆకు ఉందంటే మాంసం, పాలు, గుడ్లు, తేనె ఏవీ లేనట్టే. ఇండియాలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనే అలవాటున్నవాళ్లకు ఇది సులభంగానే అర్థమవుతుంది గానీ, ఈ ఆకు ఆ చుక్క కంటే కఠినం. చుక్క పాలను ఒప్పుకుంటుంది, ఆకు ఒప్పుకోదు. అమెరికాలో ఉత్త 'వెజిటేరియన్' అన్న మాటను నమ్ముకుంటే మనవాళ్లు దెబ్బతినేది గుడ్డు దగ్గరే. బ్రెజిల్ స్టాల్లో పావ్ జి కేజు అని గుండ్రటి చీజ్ బన్నులు అమ్ముతారు. సగ్గుబియ్యం చేసే కర్రపెండలం పిండితో చేస్తారు, మాంసం ఉండదు, చూడ్డానికి బోండాల్లా ముద్దొస్తాయి. కానీ ఆ పిండిలో గుడ్డు కలపడం వాళ్ల మామూలు పద్ధతి. అత్తయ్య చెయ్యి అప్పటికే అటు వెళ్తోంది, ఆకు లేదని ఆపేశాను.

ఆకు లేనంత మాత్రాన అన్నీ వదిలేయాలనీ కాదు. గ్రీస్ స్టాల్లో పెనం మీద కాల్చిన చీజ్ ముక్క మీద తేనె పోసి, పిస్తా పలుకులు చల్లి ఇస్తారు. చీజ్‌కీ తేనెకీ ఆకు రాదు. అందులో గుడ్డు లేదని అడిగి కనుక్కుని అత్తయ్యకు ఒకటి కొన్నాం. అంచులు కరకరలాడుతూ, లోపల రబ్బరులా కాస్త సాగుతూ, ఉప్పూ తీపీ కలిసి ఉందట. ఆవిడ మారు మాట్లాడకుండా తినేశారు. మా అమ్మాయి పక్కన నిలబడి పిస్తాలు లెక్కపెట్టుకుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇండియా స్టాల్లో ఆకు గుర్తుతో మద్రాస్ రెడ్ కర్రీ ఉంది. కాల్చిన కాలీఫ్లవర్, వేలెడు క్యారెట్లు, శనగలు, పక్కన బాస్మతి అన్నం. అదే స్టాల్లో చికెన్ కుర్మా కూడా అమ్మారు. ఆకు గుర్తు వంటకంలో ఏం వేశారో చెబుతుందే తప్ప గరిటెలూ గిన్నెలూ వేరా అన్నది చెప్పదు. అంత పట్టింపు ఉన్నవాళ్లు కౌంటర్‌లో అడగాల్సిందే. అలర్జీ వివరాలున్న పట్టిక వాళ్ల దగ్గర ఉంటుంది, విసుక్కోకుండా చూపిస్తారు. కూర రంగు చూసి భయపడ్డాం గానీ ఆ ఎరుపు టొమాటోదే. కాలీఫ్లవర్ మెత్తబడకుండా, అంచులు కాస్త మాడి కమ్మగా ఉంది, నాకు అదే నచ్చింది. గ్రేవీ తియ్యన. అత్తయ్య రెండు స్పూన్లు తిని, "ఉప్పు సరిపోయింది అమ్మాయ్, కారమే మర్చిపోయారు" అన్నారు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కందిపొడి పొట్లం తీసి అన్నం మీద చల్లుకున్నారు. పక్క టేబుల్ దగ్గర నిలబడ్డ అమెరికన్ దంపతులు అది ఎక్కడ కొన్నారని అడిగారు!

నాకు బాగా నచ్చింది మాత్రం అవుట్‌పోస్ట్ అనే చిన్న కౌంటర్లో. చైనా, జర్మనీ పెవిలియన్ల మధ్య ఆఫ్రికా పేరుతో ఉండే చోటు అది. జనం కోక్ కొనుక్కుని ముందుకు పోతుంటారు. అక్కడ స్పైసీ గిథేరి అని ఒకటి పెట్టారు. గిథేరి కెన్యాలో కికుయు ప్రజల వంట, అసలైతే మొక్కజొన్న గింజలూ చిక్కుళ్లూ కలిపి ఉడకబెడతారు. ఇక్కడ తెల్ల బీన్స్, కందులు, మసాలా అన్నం, పైన కచుంబరి అనే పచ్చి ఉల్లిపాయ టొమాటో కలగలుపు. కందులు అంటే పప్పు కాదు, పొట్టుతో ఉన్న గుండు గింజలు. పంటికింద గింజ చిట్లి లోపలి పిండి నాలుక మీదకొస్తుంటే అత్తయ్య మొహం వెలిగింది. సంక్రాంతి ముందు పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకున్నట్టే ఉందన్నారు. హిందూ మహాసముద్రం మీద వర్తకం, ఆ తర్వాత రైలు పట్టాలు వేయడానికి వెళ్లిన కూలీలు, ఇవన్నీ కలిసి తూర్పు ఆఫ్రికా వంటింట్లో మన దినుసులు చాలానే చేర్చాయి. కచుంబరి కూడా మన ఉత్తరాది కచుంబర్‌కు దగ్గరి చుట్టమే. కారం నిజంగానే ఉంది. కందిపొడి బయటికి రాలేదు. ఇంకో ప్లేటు తెచ్చుకున్నాం.

తర్వాత మా అమ్మాయి పట్టుబట్టి, మొక్కల సరుకుతో మాంసంలాంటిది తయారుచేసే ఇంపాసిబుల్ కంపెనీ పేరు మీద నడిచే స్టాల్‌కి తీసుకెళ్లింది. అక్కడ చిన్న బర్గర్, పైన వాసాబీ క్రీమ్, కారంగా కలిపిన క్యాబేజీ తురుము, నువ్వుల బన్ను. అన్నిటికీ ఆకు ఉంది. సోయా మొక్క వేరు బుడిపెల్లో రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పోలిన ప్రోటీన్ ఒకటి ఉంటుంది. ఈ కంపెనీ ఆ ప్రోటీన్ జన్యువును ఈస్ట్‌లో పెట్టి, ఆ ఈస్ట్‌తో పులియబెట్టి ప్రోటీన్‌ను తీసి తమ 'మాంసం'లో కలుపుతుంది. ఎరుపు రంగూ, కాలినప్పుడు వచ్చే ఆ వాసనా దాని చలవే. మా అమ్మాయి ఇదంతా నానమ్మకు వివరంగా చెప్పింది. పొలంలో కంది మొక్కలు పీకి వేరు బుడిపెలు చూసిన మనిషి కాబట్టి అత్తయ్య శ్రద్ధగానే విన్నారు. బర్గర్ మూతి దగ్గరకు తెచ్చుకుని వాసన చూశారు. వెనక్కి ఇచ్చేశారు. "మొక్కలోంచి తీశారని నువ్వు చెబుతున్నావు, ముక్కు ఒప్పుకోవట్లేదే తల్లీ."

నేను మాంసం మానేసి చాలా ఏళ్లయింది. ఒక ముక్క తిన్నాను, అచ్చం మాంసంలానే ఉంది. వంటగా చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. మావారైతే తేడా తెలియలేదన్నారు. మాంసం తగ్గిద్దామనుకునేవాళ్లకు ఇది వరమే. పుట్టి బుద్ధెరిగాక మాంసం తిననివాళ్లకు మాత్రం అది ఎంత బాగా కుదిరితే అంత తినబుద్ధి కాదు. ఆకు గుర్తు ఈ తేడా చెప్పదు, కాబట్టి పేరులో ఇంపాసిబుల్ అని కనిపిస్తే ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పండి. గ్రీస్ స్టాల్లో మూసాకా అనే వంకాయ, ఖీమా పొరల వంటకం కూడా ఆ సరుకుతోనే చేశారు గానీ, అందులో వంకాయ పొర, దాల్చినచెక్క వాసన ముందుకొచ్చి ఖీమా వెనక్కి తగ్గింది. నేనూ అమ్మాయీ దాన్ని పూర్తిగా తినేశాం. వంకాయ నూనె పీల్చి వెన్నలా అయిపోయింది. అత్తయ్యకు ఇవ్వలేదు, అడగనూ లేదు.

తీపిలో ఎక్కువ చెప్పడానికి లేదు. చీజ్‌కేకులూ క్రీములే ఎక్కువ. అనాసపండు రుచితో డోల్ విప్ అని మెత్తటి ఐస్‌క్రీమ్ ఒకటి డిస్నీ పార్కుల్లో అమ్ముతారు, అందులో పాలు ఉండవు. ఎండలో నాకూ అమ్మాయికీ అదే గతి.

ఎండ అన్నాను కదా, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఓర్లాండో మధ్యాహ్నాలు ఉక్కపోతతో చంపుతాయి, ఆపైన ఉరుములతో వాన. స్టాళ్ల దగ్గర కుర్చీలు తక్కువ, ఎత్తు టేబుళ్ల దగ్గర నిలబడే తినాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోవడం మేలు, మేం అదే చేశాం. శని, ఆదివారాల్లో సాయంత్రమయ్యే కొద్దీ దేశానికో గ్లాసు చొప్పున తాగుతూ చెరువు చుట్టే కుర్రకారు పెరుగుతారు. వారం మధ్యలో పదకొండింటికి స్టాళ్లు తెరిచేసరికి అక్కడుంటే క్యూలు చిన్నవి. మంచినీళ్లు కొనకండి, కూల్‌డ్రింకులు పోసే ఏ కౌంటర్లో అడిగినా ఐస్ వేసిన నీళ్లు ఊరికే ఇస్తారు.

ఇంకొక్కటి. ఈ ఫెస్టివల్ చివరి వారాలు దాదాపు ఏటా కార్తీకమాసంలో పడతాయి. ఆకు గుర్తుకు ఉల్లి, వెల్లుల్లితో పేచీ లేదు. మేం తిన్న వాటిలో ఉల్లిపాయ లేనివి తేనె పోసిన ఆ చీజ్ ముక్క, అనాస ఐస్‌క్రీమ్ మాత్రమే. నియమం పాటించేవాళ్లు ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్లొచ్చు. బయటి తిండిని పార్కులోకి రానిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి మా స్టీలు డబ్బా మూత తీయమంది, పులిహోర చూసి, వాసన బాగుందని చెప్పి పంపేసింది.