రోటోరువా నుంచి టౌపో దాకా: బతికిన వేడినీటి బుగ్గలు, ఆరిపోయిన బుగ్గలు

న్యూజిలాండ్ ఉత్తర ద్వీపంలో రోటోరువా నుంచి టౌపోకి ఐదో నంబరు రహదారి మీద దాదాపు 80 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోతే గంట ప్రయాణం. భూమిలోంచి వేడినీళ్ళు తోడేస్తే ఏమవుతుందో, తోడటం ఆపితే ఏమవుతుందో, రెండూ ఆ గంట దారిలోనే కళ్ళారా కనిపిస్తాయి. ఆక్లాండ్ నుంచి శనివారం వచ్చి ఆదివారం వెళ్ళిపోయేవాళ్ళకి ఒక్క రోటోరువాయే దక్కుతుంది. ఇంకో రోజు కలుపుకుని టౌపో దాకా వెళ్ళండి. అసలు సంగతి అక్కడే ఉంది.

గీజర్ అంటే మన స్నానాల గదిలో వేలాడేదే ముందు గుర్తొస్తుంది. ఆ మాట ఐస్‌లాండ్‌లో నీళ్ళు ఎగజిమ్మే ఒక ఊట పేరు నుంచి వచ్చింది. అలాంటి ఊట బతకాలంటే కింద వేడి ఉండాలి, నీళ్ళుండాలి, ఆ నీళ్ళు పైకి రావడానికి ఇరుకైన చీలిక ఉండాలి. వీటితోపాటు కంటికి కనపడనిది ఇంకొకటి కావాలి: నీటిని చీలిక నోటిదాకా నిలబెట్టే ఒత్తిడి. నీటిమట్టం కొద్ది మీటర్లు పడినా చాలు, ఊట ఆగిపోతుంది. పక్క చేలో లోతు బోరు పడితే మన బావి ఎండిపోవడం లాంటిదే ఇది. పార్కు చుట్టూ కంచె ఎంత గట్టిగా వేసినా అది నేల మీదే; కింద నీళ్ళకి కంచె లేదు.

రోటోరువాలో ముందు చూడాల్సింది ఫకరేవరేవా లోయ. బోర్డు మీద డబ్ల్యూ, హెచ్ అక్షరాలతో రాసి ఉంటుంది, పలకడం మాత్రం 'ఫ'. ఇక్కడ పక్కపక్కనే రెండు వేర్వేరు ప్రవేశాలున్నాయి. తెలియక ఒక దానికి బుక్ చేసుకుని రెండో గేటు దగ్గరికి వెళ్ళేవాళ్ళు చాలామంది. ఒకటి టె పుయా, అక్కడ పొహుటు గీజర్‌ని దగ్గరగా చూడొచ్చు. గంటకి ఒకటి రెండుసార్లు లేస్తుంది, బాగా లేచినప్పుడు 30 మీటర్ల దాకా వెళ్తుంది. దాని పక్కనే ఉన్న 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఫెదర్స్' ముందుగా చిమ్మడం మొదలుపెడితే అక్కణ్ణుంచి కదలకండి, సాధారణంగా పొహుటు వంతు తర్వాత వస్తుంది. రెండోది ఈ దేశపు మూలవాసులైన మావోరీలు కాపురముండే ఊరు. అక్కడ గైడ్లు ఆ ఊరివాళ్ళే. పొహుటు కాస్త దూరంగా, ఒక గట్టు మీదనుంచి కనిపిస్తుంది. ఒక్కదానికే డబ్బుంటే ఆ మావోరీ ఊరికి పెట్టమంటాం. వేడినీళ్ళని తోడకుండా వాడుకోవడం ఎలాగో అక్కడే అర్థమవుతుంది: పరెకొహురు అనే మరిగే గుండంలో మొక్కజొన్న పొత్తుల్ని బట్టసంచీలో కట్టి దించుతారు, పొంగి కాలవల్లో పారే నీటిని తొట్లలో చల్లార్చి స్నానాలకి వాడతారు. హిమాచల్‌లోని మణికరణ్‌లో బియ్యం మూట కట్టి గుండంలో ఉడికించడం చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. శాకాహారులకి ఆ మొక్కజొన్న బెంగలేని తిండి. 'హంగీ' అన్న భోజనంలో మాంసం, కూరగాయలు కలిపే ఉడుకుతాయి కాబట్టి ముందే చెప్పి విడిగా పెట్టించుకోవాలి.

ఈ లోయ ఒకప్పుడు చచ్చిపోయే స్థితికి వచ్చింది. ఇళ్ళూ మోటళ్ళూ వెచ్చగా ఉంచుకోవడానికి, ఈతకొలనులకి ఊరంతా బోర్లు వేశారు. 1979లో పాపకురా గీజర్ ఆగిపోయింది. అప్పుడు భయం పుట్టింది. 1982లో కొలతలు మొదలయ్యాయి, 1986లో ప్రభుత్వం పొహుటు చుట్టూ 1.5 కిలోమీటర్ల లోపల ఉన్న బోర్లన్నీ మూసెయ్యమంది. వంద పైచిలుకు బోర్లు మూతపడ్డాయి. వలయం బయట మిగిలిన బోర్లకి నీటి మీద రుసుము పెట్టారు. చలికాలంలో దాదాపు ఉచితంగా వచ్చే వెచ్చదనం పోయి కరెంటు బిల్లు మీద పడ్డవాళ్ళు గట్టిగానే పోట్లాడారు, వాళ్ళ బాధ నిజమైనదే. అయినా మట్టం లేచింది. ఊరి మధ్యలోని కుయిరావ్ పార్కులో చల్లబడ్డ గుండాలు మళ్ళీ వేడెక్కాయి. 36 ఏళ్ళు నిద్రపోయిన పాపకురా 2015లో మళ్ళీ నీళ్ళు చిమ్మింది. అన్నీ తిరిగి రాలేదు. చల్లనీళ్ళు చొరబడ్డ చీలికలు, వేడినీళ్ళలో కరిగి వచ్చే సిలికా అనే ఖనిజం పేరుకుని మూసుకుపోయిన దారులు మళ్ళీ తెరుచుకోవడం కష్టం.

మన దగ్గర నీళ్ళు, భూమి, చెట్ల రక్షణకి తెచ్చిన 2002 వాల్టా చట్టంలో తాగునీటి బోరు చుట్టూ 250 మీటర్ల లోపల కొత్త బోరు వెయ్యకూడదన్న నిబంధన ఉంది కదా, ఆలోచన ఒకటే. తేడా అమలులో. రోటోరువాలో బోరు మీద నిజంగా కాంక్రీటు పోశారు.

కుయిరావ్ పార్కుకి టికెట్టు లేదు. కాళ్ళు పెట్టుకునే వేడినీటి తొట్లున్నాయి, పెద్దవాళ్ళకి హాయిగా ఉంటుంది. కంచెలు దాటకండి. 2001లో ఇక్కడే నేల పేలి బురదా రాళ్ళూ ఎగిరిపడ్డాయి.

బస విషయానికొస్తే రోటోరువాలో రెండు రకాలు మనవాళ్ళకి కుదురుతాయి. ఫెంటన్ వీధి పొడుగునా ఉన్న మోటళ్ళలో చాలావాటికి వేడినీటి తొట్టి ఉంటుంది. హాలిడే పార్కు క్యాబిన్లలో అందరికీ కలిపి వంటగది ఉంటుంది, నలుగురున్న కుటుంబం అన్నం పప్పు వండుకోవాలంటే అదే చవక. బుక్ చేసేముందు ఒక ప్రశ్న అడగండి: వేడి ఎక్కడనుంచి వస్తోంది? మూడు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. ఒకటి, బోరులోకి యు ఆకారంలో గొట్టం దించి అందులో మంచినీళ్ళు తిప్పుతారు. భూమిలో నీళ్ళు భూమిలోనే ఉంటాయి, వేడి మాత్రమే పైకి వస్తుంది. మూడింట్లో ఇదే మేలు, కాకపోతే తక్కువ వేడి చాలే చోటే పనికొస్తుంది. రెండు, నీళ్ళు పైకి తోడి, వేడి తీసుకుని, మళ్ళీ అదే పొరలోకి దింపేస్తారు. ఇదీ పరవాలేదు. మూడు, తోడి, వాడి, పారబోస్తారు. అది దండగ. మనం చూడ్డానికి వచ్చిన బుగ్గ మట్టం తగ్గేది అలాంటి వాడకంతోనే. నడిపేవాళ్ళకి ఈ తేడా తెలుసు, అడిగితే చెప్తారు.

గదిలో కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలికంటే బరువైనది కాబట్టి మూసిన పల్లపు గదుల్లో పేరుకుంటుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది, ప్రమాదం అప్పుడే. వేడినీటి తొట్టి ఉన్న గదిలో గాలి కిటికీకి తువాలు అడ్డం పెట్టకండి. వెండి పట్టీలు, ఉంగరాలు నల్లబడతాయి, తీసి సంచీలో పెట్టుకోండి.

రెండో రోజు పొద్దున రోటోరువాకి 27 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేడి బుగ్గల పార్కు వయోటపు. పొద్దున 10.15కి లేడీ నాక్స్ గీజర్ చూపిస్తారు. దాని సమయపాలన ప్రకృతిది కాదు. నోట్లో సబ్బు వేస్తారు, పైనున్న చల్లటి పొర, కింద మరిగే పొర కలిసిపోయి ఎగజిమ్ముతుంది. ఇంకెక్కడైనా గీజర్‌లో సబ్బు వెయ్యడం నేరంతో సమానం. రద్దీ భరించలేకపోతే దాన్ని వదిలేసి ఆ సమయానికి నేరుగా షాంపేన్ పూల్ దగ్గరికి వెళ్ళండి, జనమంతా గీజర్ దగ్గరే ఉంటారు. 65 మీటర్ల వెడల్పు, 74 డిగ్రీల నీళ్ళు, ఆకుపచ్చ నీటి అంచుకి నారింజరంగు గట్టు. చలికాలపు ఉదయం ఆవిరి కమ్మేసి ఏమీ కనపడదు. గాలి వీచేదాకా ఓపిక పట్టాలి. కళ్ళజోడు మీద, కెమెరా మీద పడ్డ తుంపర్లని వెంటనే తుడవండి. ఆరితే సిలికా మచ్చలు గాజుకి పట్టేసి ఇక పోవు.

వయోటపు ఇంకా ఇలా ఉండటానికి కారణం వైకాటో ప్రాంతీయ మండలి నియమాలు. వాళ్ళు పార్కుల్ని కాక, భూమి కింద ఉన్న వ్యవస్థ మొత్తాన్ని ఒక్కటిగా లెక్కవేసి వర్గాలు చేశారు. వయోటపు, ఈ దారిలోనే తర్వాత చూడబోయే ఒరాకెయి కొరాకో రక్షిత వర్గంలో ఉన్నాయి. కరెంటు కేంద్రాలున్న వైరాకెయి, ఒహాకీ లాంటివి అభివృద్ధి వర్గంలో. అంటే కొన్నింటిని వాడుకుందాం, కొన్నింటిని ముట్టుకోవద్దు అన్న స్పష్టమైన గీత. అమెరికాలో ఉండే మనవాళ్ళు తరచూ వెళ్ళే ఎల్లోస్టోన్‌కీ ఈ చిక్కే వచ్చింది. పార్కు సరిహద్దు బయట కార్విన్ స్ప్రింగ్స్ దగ్గర 1986లో వేసిన ఒక బోరుతో గొడవ మొదలైంది, పార్కులోని బుగ్గలకి ముప్పు రాకుండా భూతాప లీజుల చట్టాన్ని 1988లో సవరించారు.

అక్కడనుంచి ఒరాకెయి కొరాకో. మా లెక్కలో ఈ దారి మొత్తానికి డబ్బుకి తగ్గ చోటు ఇదే. సరస్సు దాటించే పడవ టికెట్టులోనే కలిసి ఉంటుంది. నడక గంట నుంచి గంటన్నర, చెక్కమెట్లు చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది తిన్నె దాకా వెళ్ళి వెనక్కి రావడం మంచిది. మధ్యాహ్నం రెండున్నరకల్లా రేవు దగ్గర ఉండండి. ఆలస్యమైతే పడవ దొరికినా హడావిడి నడకే మిగులుతుంది. పడవ వెళ్తున్నప్పుడు నీళ్ళలోకి చూడండి. ఈ సరస్సు నిజానికి వైకాటో నదే: 1961లో ఒహాకురి ఆనకట్ట కట్టాక నది మట్టం 18 మీటర్లు లేచింది. దాదాపు 70 గీజర్లు, 200 వేడి బుగ్గలు ఆ నీళ్ళ కింద ఉన్నాయి. గట్టు మీద కనిపించే తెల్లటి సిలికా తిన్నె మిగతా భాగం కింద మునిగి ఉంది. పైన మిగిలిందే ఇంత అందంగా ఉంటే పోయింది ఎంతో అనిపిస్తుంది.

మూడో రోజు వైరాకెయి. ఇక్కడ గీజర్ లోయ అని ఒకటుండేది, టికెట్లు పెట్టి చూపించేవారు. 1958లో విద్యుత్ కేంద్రం మొదలైంది. భూమిలో ఆవిరి మాత్రమే కాక మరిగే నీళ్ళు కూడా ఉన్న క్షేత్రం నుంచి పెద్ద ఎత్తున కరెంటు తీయడం ప్రపంచంలో అదే మొదలు. తొలి దశాబ్దాల్లో వాడిన నీళ్ళని భూమిలోకి తిరిగి పంపలేదు, వైకాటో నదిలోకి వదిలేశారు. లోపలి ఒత్తిడి 25 బార్ల మేర తగ్గింది (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత). పదేళ్ళలో గీజర్లు ఆగిపోయాయి. ఒకచోట నేల 14 మీటర్లకి పైగా కుంగింది. రోడ్డు పక్కన ఆవిరి క్షేత్రం చూసే గట్టు ఉంది, ఉచితం. కింద వెండిరంగు గొట్టాలు కొద్దికొద్ది దూరానికి గుమ్మంలా పైకి లేచి మళ్ళీ దిగుతుంటాయి. వేడికి ఇనుము సాగినప్పుడు పగలకుండా ఆ వంపులు. కాసేపు నిలబడి చూడతగ్గ ఇంజినీరింగే అది. కానీ దానికి కట్టిన ధరలో ఒక లోయ మొత్తం ఉంది.

దగ్గర్లోనే క్రేటర్స్ ఆఫ్ ద మూన్. టికెట్టు తక్కువ, నడక ముప్పావు గంట. నేలంతా బుసలు కొడుతూ ఆవిరి. ఇది ప్రకృతి సహజమే అనుకుని వచ్చేవాళ్ళే ఎక్కువ. ఇక్కడి ఆవిరి ఇంతగా పెరిగింది విద్యుత్ కేంద్రం వచ్చాకే: ఒత్తిడి పడి నీటిమట్టం దిగేసరికి కింద మిగిలిన నీళ్ళు మరిగి ఆవిరై ఇటు తన్నుకొచ్చాయి. ఆ లోయలో ఆగిన గీజర్లు, ఇక్కడ లేచిన ఆవిరి ఒకే కథలో రెండు ముక్కలు. అందుకే రెండూ ఒకే పూట చూడాలి. నేల చోటు మార్చి పేలుతుంది, చెక్కబాట దిగొద్దు.

మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర పగిడేరులో వేడినీళ్ళు ఉబికే బోరు మీద సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగ ప్లాంటు పెట్టింది. అంత చిన్నదానితో ముప్పేమీ లేదు. పెద్దవి వచ్చే రోజుకి ముందే చుట్టుపక్కల బుగ్గల మట్టం, వేడి కొలిచి రాసి పెట్టుకోవాలి. రోటోరువాలో కొలతలు పాపకురా ఆగాకే మొదలయ్యాయి, అది మళ్ళీ లేవడానికి అన్నేళ్ళు పట్టింది.

చివరి సాయంత్రం టౌపోలో స్పా పార్కు. ఒటుముహెకె అనే వేడి వాగు వైకాటో నదిలో కలిసే చోట ఉచితంగా కూర్చోవచ్చు. వేడి ఎక్కువనిపిస్తే నది వైపు జరగండి, తక్కువనిపిస్తే వాగు వైపు. తల మాత్రం నీళ్ళలో ముంచొద్దు, ముక్కులోకి నీళ్ళు పోనివ్వొద్దు. ఈ నేలల వేడినీళ్ళలో ముక్కు ద్వారా మెదడుకి చేరే అమీబా ఉండే అవకాశముంది. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. కారులో సంచులు కనపడేలా వదలకండి. చీకటి పడకముందే బయటికి రండి, ఒడ్డు రాళ్ళు బాగా జారుతాయి.