జిమ్నీలో మారేడుమిల్లి: హైవే మీద ఎంత వేగం, రాత్రి బస ఎక్కడ

మారుతి వాళ్ళ చిన్న ఫోర్-వీల్-డ్రైవ్ బండి జిమ్నీ కొనాలనుకునేవాళ్ళు షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ వేసి నిర్ణయం తీసుకోకండి. హైవే ఎక్కి ఐదో గేరులో 100 మీద కాసేపు నడిపి చూడండి. మాన్యువల్ బండిలో టాకోమీటరు ముల్లు దాదాపు 3,200 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది, అంటే ఇంజిన్ నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతోందన్నమాట. ఇంకో గేరు వేద్దామని చెయ్యి పోతుంది, కానీ ఆరోది లేదు.

ఇంజిన్‌కి దీనివల్ల ఏ ప్రమాదమూ లేదు. 134 ఎన్ఎమ్ టార్క్, అంటే లాగే బలం, పూర్తిగా అందేదే 4,000 దగ్గర. ఐదో గేరు నిష్పత్తి ఒకటికి ఒకటి, ఫైనల్ డ్రైవ్ 4.09, అంటే పై గేరులోనూ చక్రం ఒక్క చుట్టుకి ఇంజిన్ నాలుగు చుట్లు తిరుగుతుంది. పెట్టెలాంటి ఆకారంతో గాలిని చీల్చుకుంటూ పోవాల్సిన ఈ బండికి గేరింగ్ ఇంకా పొడుగ్గా, అంటే ఇంజిన్ తక్కువ తిరిగేలా, ఇస్తే చిన్న ఫ్లైఓవర్‌కీ గేరు దించాల్సి వస్తుంది. ఇబ్బందల్లా మనుషులకే. ఇంజిన్ మోతకు గాలి హోరు కూడా తోడై, వెనక కూర్చున్న అమ్మతో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే.

అందుకే హైదరాబాద్ నుంచి మారేడుమిల్లికి 80, 85 మధ్యే వెళ్ళాం. అక్కడ ఇంజిన్ 2,700 లోపే తిరుగుతుంది, పాటలు వినపడతాయి, 40 లీటర్ల ట్యాంకు కూడా మెల్లగా తగ్గుతుంది. ఈ వేగంతో ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఒక్కరోజులో లాగాలనుకోవద్దు. సూర్యాపేటలో టిఫిన్, విజయవాడలో భోజనం, రాత్రికి రాజమండ్రి. మేం దిగిన హోటల్ గది శుభ్రంగానే ఉంది కానీ, బుకింగ్‌లో ఉందన్న పార్కింగ్ అక్కడ లేదు, బండి రోడ్డు పక్కనే పెట్టాల్సి వచ్చింది. పార్కింగ్ సంగతి ముందే ఫోన్ చేసి అడగండి.

మర్నాడు గోకవరం దాటి రంపచోడవరం వైపు వెళ్తుంటే అదే గేరింగ్ వరమైంది. ఘాట్ మలుపుల్లో రెండు, మూడు గేర్లతోనే పని జరిగిపోతుంది. దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ బాగా పట్టుకుంటుంది, బ్రేకులు వేడెక్కవు. తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం పంపే మోడ్) వేయకండి. ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపుల్లో చక్రాలు బిగుసుకుంటాయి. మారేడుమిల్లి దగ్గరి గుడిసె కొండ వైపు ఎగుడుదిగుడు దారిలో 4ఎల్ (నాలుగు చక్రాలకూ తక్కువ గేరింగ్) వేస్తే అదే వేగానికి ఇంజిన్ రెట్టింపు తిరుగుతుంది, బండి అడుగులో అడుగేస్తూ ఎక్కేస్తుంది. అమ్మ భయపడలేదు, నాకు అది చాలు.

మారేడుమిల్లిలో బస చేస్తే ఊరి మధ్య గదులకన్నా అడవి అంచున ఉన్న కాటేజీలే మేలు. సదుపాయాలు తక్కువైనా, పొద్దున్నే పక్షుల అరుపులతో మెలకువ వస్తుంది. బొంగు చికెన్ మాత్రం రోడ్డు పక్క బండి దగ్గర, ముందే ఆర్డర్ ఇచ్చి మీ ఎదురుగా కాల్పించుకోండి.

బయలుదేరే ముందు ఒక వర్క్‌షాపులో పెద్ద టైర్లు వేస్తే ఆర్‌పీఎం తగ్గుతుందని ఒత్తిడి చేశారు. తగ్గే మాట నిజమే. కానీ లాగే బలం తగ్గుతుంది, స్పీడోమీటరు అసలు వేగంకన్నా తక్కువ చూపించే అవకాశం ఉంటుంది. నేను వద్దన్నాను. మోత తగ్గాలంటే ఆటోమేటిక్ ఒక దారి. గేర్లు నాలుగే అయినా పై గేరు ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ తక్కువ తిరిగే పొడుగు గేరు) కాబట్టి 100 మీద శాంతంగా ఉంటుంది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం గేరు దించి గట్టిగా అరుస్తుంది. తరచూ వైజాగ్ దాకా ఒక్క పగటిలో పోయేవాళ్ళకు ఆరు గేర్ల డీజిల్ మహీంద్రా థారే చెప్తాను. ఏడాదిలో ఎక్కువసార్లు ఘాట్లెక్కేవాళ్ళు ఈ చిన్న బండినే తీసుకోండి.