గోంగూర చుట్టం టీకే నా ఓటు

పాల టీ తగ్గించమని డాక్టర్ చెప్పినప్పటి నుంచి అమ్మకు సాయంత్రాలు వెలితిగా ఉన్నాయి. అందుకే మొన్న ఆదివారం నాలుగు రకాల టీ తెప్పించి, చక్కెర లేకుండా ఇద్దరం వరసగా రుచి చూశాం.

అన్నిటికన్నా నచ్చింది మందార టీ. పేరు మందారమే గానీ పెరట్లో పూసేది కాదు. ఎర్ర గోంగూర జాతి మొక్కకు పువ్వు కింద వచ్చే కండగల ఎర్రటి రేకులను ఎండబెట్టి చేస్తారు. మరిగిన నీళ్లలో 5 నిమిషాలు ఉంచితే దానిమ్మ రసం రంగు వచ్చింది. అమ్మ ఒక్క గుక్క తాగి, "ఇది గోంగూర పులుపేనే!" అంది. కెఫీన్ ఉండదు కాబట్టి రాత్రి కూడా తాగొచ్చు. చల్లార్చి తేనె కలిపితే ఇంకా బాగుంది.

శంఖుపుష్పం టీ చూడముచ్చటగా ఉంది. నీలంగా ఉన్నది నిమ్మరసం పిండగానే ఊదారంగుకు తిరిగింది. రుచి మాత్రం చిక్కుడుకాయలు ఉడికించిన నీళ్లే.

మల్లె గ్రీన్ టీతో ఇబ్బందిపడ్డాం. మరుగుతున్న నీళ్లు పోస్తే చేదెక్కింది. రెండోసారి నీళ్లు కాస్త చల్లారనిచ్చి, 2 నిమిషాలకే ఆకు తీసేస్తే చేదు పోయింది. కానీ వాసన అగరుబత్తిలా ఉంది. డబ్బా తిప్పి చూస్తే కృత్రిమ ఫ్లేవర్ అని ఉంది. అసలైన మల్లె టీలో తాజా పూలతోనే ఆకుకు వాసన పట్టిస్తారు. ఈ డబ్బా మళ్లీ కొనను.

నిమ్మగడ్డి టీ బాగుంది, కానీ దానికి డబ్బు దండగ. కుండీలో గడ్డి ఉంటే రెండు ఆకులు తుంచి, అల్లం ముక్కతో మరిగించుకోండి.