తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి: మా ముసలి టామీ కిడ్నీలో గడ్డను తేల్చిన తీరు

మా లాబ్రడార్ టామీకి 11 ఏళ్లు. దాని మూత్రం మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా రక్తం కలిసి డికాషన్ రంగులో వస్తుండడంతో చిత్తూరులోనే ఒకచోట చూపించాము. అక్కడ మూత్రంలో ఇన్ఫెక్షన్ అని చెప్పి, స్కానింగ్ గాని రక్తపరీక్ష గాని చేయకుండానే యాంటీబయాటిక్‌తో పాటు మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాసిచ్చారు. రక్తం తగ్గినట్టే తగ్గి మళ్లీ కనిపించింది. రెండు నెలల్లో మూడు కిలోల బరువు పోయింది. అప్పుడు దాదాపు 70 కిలోమీటర్లు ప్రయాణించి తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లాము. 1955లో మొదలైన ఈ కళాశాల ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం.

నన్ను మొదట ఆకట్టుకున్నది డాక్టరుగారి నిదానం. ఆయన యంత్రం జోలికి పోకముందే రెండు చేతులతో పొట్టంతా తడిమి, ఎడమవైపు చివరి పక్కటెముక వెనుక గట్టిగా తగులుతున్న గడ్డను నా వేళ్లకూ తెలిసేలా చూపించారు. "అమ్మా, ప్లీహం కూడా ఇటువైపే ఉంటుంది, ఇది దేనిదో చేత్తో చెప్పకూడదు" అని స్కానింగ్‌కు పంపారు. ప్లీహం శుభ్రంగా ఉంది. ఎడమ కిడ్నీ ముందు కొసన సుమారు 5 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. నీటితిత్తి అయితే తెరమీద నల్లగా కనిపిస్తుందని, మూత్రం వెళ్లే దారి మూసుకుపోయి కిడ్నీ ఉబ్బినా లోపల నల్లగానే ఉంటుందని, ఇది మాత్రం కండలా ముద్దగా ఉందని వివరించారు. అప్పటికీ క్యాన్సర్ అనలేదు; చీముగడ్డ గాని, గడ్డకట్టిన రక్తం గాని ఇలా కనిపించవచ్చునన్నారు. కంగారులో ఉన్న మనిషికి అలాంటి మాట ఎంత ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది.

వెంటనే సూది గుచ్చకపోవడానికి కారణం కూడా చెప్పారు. గుండె నుంచి వెలువడే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే వెళుతుంది కాబట్టి అక్కడ రక్తస్రావం మొదలైతే ఆపడం కష్టం. పైగా మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ఎక్కువ, వాటిలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుచేత ముందుగా ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తం గడ్డకట్టే సమయం చూశారు. కిడ్నీ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకే స్వభావం ఉన్నది గనుక ఛాతీకి మూడు ఎక్స్‌రేలు తీశారు: కుడివైపు పడుకోబెట్టి ఒకటి, ఎడమవైపు ఒకటి, వెల్లకిలా ఒకటి. కిందివైపున్న ఊపిరితిత్తి నొక్కుకుపోయి చిన్న మచ్చలు దాగిపోతాయట, అందుకే ఒక్క ఎక్స్‌రేతో సరిపెట్టరు. ఇంతసేపూ ఒక హౌస్‌సర్జన్ అమ్మాయి నేలమీద కూర్చుని టామీ తలను ఒడిలో పెట్టుకుంది. ఆ అమ్మాయికి నా కృతజ్ఞతలు.

ఛాతీలో మచ్చలు లేవు. స్కానింగ్‌లో చూస్తూ సన్నని సూదితో తీసిన కణాలు మాత్రం కార్సినోమా అనే క్యాన్సర్ వైపే చూపించాయి. పూర్తి నిర్ధారణకు కణజాలం ముక్క కావాలి, కానీ దాని ఫలితం వైద్యాన్ని మార్చేటట్లయితేనే బయాప్సీ చేయాలి అన్నది ఆయన అభిప్రాయం. ఎడమ కిడ్నీని తీసివేయాలంటే కుడి కిడ్నీ ఒంటరిగా బరువు మోయగలగాలి. టామీ క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత ఉందో చెప్పే అంకె) 1.9, మూత్ర సాంద్రత (మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 1.015. కిడ్నీల శక్తి నాలుగింట మూడు వంతులు పోయేదాకా క్రియాటినిన్ పెద్దగా పెరగదని, కాబట్టి 1.9ని చిన్న అంకెగా తీసుకోవద్దని చెప్పి, పలచబడిన మూత్రాన్ని బట్టి రెండో కిడ్నీ కూడా అలసిందని అర్థమయ్యేలా వివరించారు. శస్త్రచికిత్స వద్దని ఇంట్లో అందరమూ కూర్చుని నిర్ణయించుకున్నాము. ఆ నిర్ణయానికి కావలసిన ప్రతి అంకె మా చేతిలో ఉంది. మెలాక్సికామ్‌ను మాత్రం కిడ్నీ దెబ్బతిన్న కుక్కకు ఇవ్వరాదని మొదటిరోజే ఆపించారు.

ఇక్కడికి వచ్చేవారు పాత చీటీలన్నీ తెచ్చుకోండి. స్కానింగ్ బాగా కనిపించాలంటే కుక్కను పరగడుపున తీసుకురావడం మంచిది. తెల్లవారుజామున మొదటి మూత్రాన్ని కడిగి ఆరబెట్టిన గరిటెతో పట్టి సీసాలో పోసి తెస్తే సాంద్రత సరిగ్గా తెలుస్తుంది. నేను రెండోసారి అలాగే తెచ్చాను.

ఇప్పుడు నెలకొకసారి రక్తపోటు, క్రియాటినిన్ చూపిస్తున్నాము. గత స్కానింగ్‌లో గడ్డ 5.4 సెంటీమీటర్లు ఉంది. టామీ తిండి తింటున్నది, సాయంత్రం గేటు దాకా నడిచి వస్తున్నది.